చేత్తో వేసిన రెప్ప

మనిషి రోజుకి ఎన్ని వేలసార్లు కన్నార్పుతాడో అతనికి తెలియదు. తెలియకపోవడమే సుఖం. నాకు ఇరవై ఆరేళ్ల వయసులో, పెళ్లయిన ఏడాదికి, ఆ సుఖం పోయింది. ఒకరోజు పొద్దున్న నా ఎడమకంటి రెప్ప పని మానేసింది. ముందస్తు నోటీసు ఇవ్వలేదు, కోరికల చిట్టా పెట్టలేదు. మా హార్బర్లో ఏ సమ్మె అయినా ఇంతకంటే మర్యాదగా మొదలయ్యేది.

అప్పటికి నేను విశాఖ హార్బర్లో, ఓడల్లోంచి సరుకు దించే ఒక ప్రైవేటు కంపెనీలో క్రేన్ డ్రైవర్ని. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, దాని పేరుతో మనకి పనీ లేదు. డెబ్బైల చివర మా కంచరపాలెంలో క్రేన్ డ్రైవరంటే ఒక మాదిరి గౌరవం ఉండేది. కింద వందమంది ఎండలో మూటలు మోస్తుంటే పైన అద్దాల గదిలో కూర్చుని రెండు మీటలు కదిపేవాణ్ణి మరి. నాకు గర్వం కాస్త ఎక్కువే ఉండేది. ఆ గర్వమంతా కళ్ల గురించే. ఓడ అంచున నిలబడి చేతులతో సిగ్నల్ ఇచ్చే బావ ఒకడు ఉండేవాడు. బావంటే చుట్టమని కాదు, హార్బర్లో సగంమంది నాకు బావలే. ఆ సిగ్నల్ బావ అందరితోనూ చెప్పేవాడు.

"మా బావ రెప్పెయ్యడ్రా! కొంగనాగ సూత్తాడు. కొక్కెం అంగుళం అటూ ఇటూ అవ్వదు."

ఆ మాట నాకు బిరుదులా ఉండేది. దాన్ని నిలబెట్టుకోవడానికి నిజంగానే రెప్ప బిగబట్టి చూసేవాణ్ణి. బొగ్గు పొడి లేచినా, గంధకం ఘాటు కొట్టినా, ఖనిజం ఎర్రదుమ్ము గది తలుపు సందుల్లోంచి దూరినా, కళ్లు నీళ్లు కారాల్సిందే తప్ప మూసేవాణ్ణి కాదు. కన్నార్పడం చేతకానివాళ్ల పని అని ఏదో లెక్క. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే నాలుగు తిట్టుకోవాలనిపిస్తుంది.

డిసెంబరులో ఒకరోజు పొద్దున్న పళ్లు తోముకుని నీళ్లు పుక్కిలిస్తే, ఎడమవైపు పెదవి సందులోంచి నీళ్లు వాటంతటవే కారిపోయాయి. మళ్లీ పుక్కిలించాను. మళ్లీ కారిపోయాయి. పొయ్యి దగ్గరున్న నా భార్య చూసి నవ్వింది. ఆవిడ నా మేనమామ కూతురు, అప్పటికి పందొమ్మిదేళ్లది.

"ఏటి మావా, పొద్దున్నే ఏసాలు?"

నేనూ నవ్వబోయాను. నవ్వు కుడివైపుకే వచ్చింది. ఆవిడ చేతిలో గరిటె కింద పడింది. దగ్గరికొచ్చి నా మొహం రెండు చేతుల్తో పట్టుకుని, "కల్లు ముయ్యి" అంది. మూశాను. కుడికన్ను మూసుకుంది. ఎడమదీ మూసుకుందనే అనుకున్నాను గానీ, దాంతో ఆవిడ మొహం కనిపిస్తూనే ఉంది. ఆ మొహంలో భయం కూడా కనిపించింది.

పక్షవాతమని వీధంతా పోగైంది. కాదని చెప్పింది కంటి డాక్టరమ్మ. ఆవిడ గోదావరి అవతలి నుంచి వచ్చిన మనిషి, ఒక్కో మాటా విడదీసి ఆరబెట్టినట్టు చెప్పేవారు. ముఖాన్ని కదిలించే నరం ఒకటి వాచిందనీ, నెలల్లో దానంతట అది బాగవుతుందనీ, మూతి వంకర గురించి బెంగ వద్దనీ అన్నారు.

"బెంగ పెట్టుకోవాల్సింది కన్ను గురించి. రెప్ప ఎందుకు వేస్తామో తెలుసా?"

"నిద్రొచ్చినప్పుడు మూసుకోడానికండి," అన్నాను.

ఆవిడ నా భార్య వైపు చూసి, చదువుకున్నది ఆ పిల్లే అనుకున్నారో ఏమో, మిగతాదంతా తనకే చెప్పారు. నల్లగుడ్డు మీద నెత్తురు నాళాలు ఉండవట. దానికి తడే తిండి, గాలే ఊపిరి. రెప్ప వేసిన ప్రతిసారీ కన్నీళ్లు పల్చటి పొరలా కన్నంతా పరుచుకుంటాయి, దుమ్మును ముక్కువైపు మూలకి తోసేస్తాయి. అక్కడ చిన్న కాలువ ఉంటుంది, ఆ నీళ్లు దాంట్లోంచి ముక్కులోకి దిగుతాయి. అందుకే ఏడిస్తే ముక్కు కారుతుంది. రెప్ప అంచున సన్నటి గ్రంథులుంటాయి, అవి కాస్త నూనె వదులుతాయి, ఆ నూనె వల్ల తడి ఆరిపోదు. ఏదైనా కంటి మీదకి వస్తే మనం ఆలోచించేలోపే రెప్ప పడిపోతుంది. అంటే ఊడ్చేదీ అదే, తుడిచేదీ అదే, తలుపు వేసేదీ అదే.

"ఇప్పుడు ఆ పని చేసేవాళ్లు లేరు. కన్ను ఎండిపోతే పుండు పడుతుంది, పుండు మానితే మచ్చ పడుతుంది, మచ్చ పడితే చూపు పోతుంది. కాబట్టి రెప్ప మీరే వెయ్యాలి, చేత్తో."

అలా నేను చేత్తో రెప్ప వేసే మనిషినయ్యాను. పగలంతా చూపుడువేలుతో పైరెప్పను కిందికి లాగి వదలాలి. గంటగంటకీ చుక్కలు, పడుకునేటప్పుడు ఆయింట్‌మెంటు రాసి రెప్ప మూసి ప్లాస్టరు అంటించాలి. డాక్టరమ్మ చివరికి, "ఇదంతా ఎవరు చూసుకుంటారు?" అని అడిగారు. నా భార్య నావైపు చూడకుండానే, "నానే సూసుకుంతాను డాట్రమ్మా" అంది.

కంటికి రెప్పలా చూసుకోవడమని అందరూ మాటవరసకి అంటారు. మా ఇంట్లో అది ఉద్యోగమైంది. అంతవరకూ ఆవిడ నాతో రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. ఇప్పుడు బియ్యం కడుగుతూ "మావా, రెప్ప" అనేది. గుడ్డలు ఆరేస్తూ "రెప్ప" అనేది. ఇంటికి పెద్దలొచ్చి కూర్చున్నా మొహమాటం లేదు, "రెప్ప" అనేది, వచ్చినవాళ్లు కూడా ఉలిక్కిపడి కన్నార్పేవారు. మొదట్లో పట్టపగలు నేను ప్లాస్టరు లేకుండా కునుకు తీస్తే ఎడమకన్ను తెరిచే ఉండేది, లోపల గుడ్డు పైకి తిరిగిపోయి తెల్లటిదే కనిపించేది. మొదటిసారి చూసి ఆవిడ వీధిలోకి పరిగెత్తిందని తర్వాత చెప్పారు.

కంటికి దుమ్ము తగలకుండా ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి గరాటులా చుట్టి అంటించమన్నారు డాక్టరమ్మ. పక్కింటాయన ఛాతీ ఎక్స్‌రే ఒకటి దొరికింది. నా భార్య దాన్ని శుభ్రంగా కడిగి, గీకి, కత్తిరించింది, కానీ పూర్తిగా గీకలేదు. రెండు నెలలు నేను పక్కింటాయన పక్కటెముకల్లోంచే లోకాన్ని చూశాను.

ఇక కంపెనీవారి దయ చెప్పాలి. కన్ను బాగులేని మనిషిని క్రేన్ ఎక్కించడం ప్రమాదం కనుక, నా కంటి క్షేమం దృష్ట్యా, నాకు లైట్ డ్యూటీ ఇచ్చారు. అద్దాల గదిలోంచి దింపి, ఎర్రదుమ్ము గుట్టల మధ్య లారీలకి దారి చూపించే చోట నిలబెట్టారు. హార్బరు మొత్తం మీద అంతకంటే దుమ్ము ఉన్న చోటు లేదు. రెండు నెలల తర్వాత కళ్ల పరీక్ష పెడతామన్నారు. రెండు కళ్లూ సరిగ్గా ఉంటే మళ్లీ క్రేన్, లేకపోతే ఇక ఎప్పటికీ లేదు. ఒక కంటితో కొక్కెం ఎంత దూరంలో ఉందో అంచనా అందదు, నిజమే, ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు.

దుమ్మయినా భరించేవాణ్ణి. మనుషుల్ని భరించలేకపోయాను. కుడికన్ను ఆర్పుతుంది, ఎడమది ఆర్పదు. అంటే నేను లోకంలో అందరికీ కన్ను కొడుతున్నట్టే. పైగా రెప్ప తోడనందువల్ల ఎడమకంటి నీళ్లు కాలువలోకి పోక చెంప మీదుగా కారేవి. ఒకరోజు బస్సులో ఎదురుగా చేపల గంపతో కూర్చున్న ఒకావిడ నన్ను చాలాసేపు చూసింది. నేను మర్యాదగా చూపు తిప్పుకునే లోపు నాలుగుసార్లు కన్నార్పాను కాబోలు.

"ఏట్రా బాబూ, ఓ పక్క కన్ను కొడతన్నావ్, ఓ పక్క ఏడుత్తన్నావ్? ఏటో ఒకటి సెయ్యి!"

బస్సంతా నవ్వింది. నేను కూడా నవ్వబోయాను, వంకర మూతి చూసి ఇంకా నవ్వారు. ఆ మర్నాడే నల్లకళ్లద్దాలు కొన్నాను. అవి పెట్టుకుంటే వీధిలో కుర్రకారు ఈలలు వేశారు.

నలభై రోజులయ్యాక డాక్టరమ్మ చూసి, "కన్ను అద్దంలా ఉందమ్మా, ఎక్కడా గీత కూడా లేదు" అని నా భార్యనే మెచ్చుకున్నారు. నరం మాత్రం ఇంకా కదలలేదు. ఆగమన్నారు. పరీక్షకి ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది. ఆగడం నాకు చేతకాలేదు. నా గురించి నేను చెప్పుకోగలిగిన మాట అదే, నాకు ఆగడం ఎప్పుడూ చేతకాలేదు.

అప్పుడే సిగ్నల్ బావ ఒక సలహా ఇచ్చాడు.

"సబ్బవరం అవతల ఓ పెద్దాయనున్నాడు బావా. ఆకుపసరు కంట్లో ఏత్తాడు. మా సిన్నాన్నకి మూతి వొంకరపోతే మూడు సుక్కల్తో సక్కబడిపోనాది. డాట్రమ్మలకేటి తెలుత్తాది?"

ఇంట్లో చెబితే నా భార్య ఒప్పుకోదని తెలుసు. సోమవారం వెళ్దామనుకుని ఆదివారం ఇంట్లోనే ఉన్నాను. ఆ ఆదివారం మధ్యాహ్నం తిన్నాక నేను పడుకున్నాను, నా పక్కనే గోడకి ఆనుకుని కూర్చున్న ఆవిడకీ కునుకు పట్టింది. లేచి, నా కంటి ప్లాస్టరు ఊడిపోయి ఉండటం చూసి కంగారు పడిపోయి చుక్కల మీద చుక్కలు వేసింది. కంటికి ఏమీ కాలేదు. సోమవారం పొద్దున్న ఎప్పట్లాగే తేటగా ఉంది. నేను డ్యూటీకని చెప్పి, టిఫిన్ కేరేజీ పట్టుకుని, పెందుర్తి మీదుగా సబ్బవరం బస్సెక్కాను.

పెద్దాయన మంచివాడు. అది కూడా చెప్పాలి. డబ్బు ముట్టుకోడు, కొబ్బరికాయ ఒకటి చాలు. అరుగు మీద అప్పటికే ఆరుగురున్నారు. ఒక్కొక్కరినీ పడుకోబెట్టి, ఏవో ఆకులు అరచేతిలో నలిపి కంట్లో పిండుతున్నాడు. చుక్క పడేలోపే వాళ్ల రెప్పలు ఠక్కున మూసుకుపోతున్నాయి, పసరు చెంపల మీద కారిపోతోంది. ఆయన విసుక్కుంటున్నాడు. నా వంతు వచ్చింది. చేయి కంటి మీదకి వచ్చినా నా రెప్ప కదల్లేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"నీ కన్ను బంగారం బాబూ! ఈల్లందరూ కల్లు మూసీసి నా మందంతా నేల పాల్జేత్తన్నారు. నీ రెప్ప సూడు, ఒక్క మాట అడ్డం సెప్పనేదు!"

మూడు చుక్కలన్నవాడు సంతోషం కొద్దీ ఆరు వేశాడు. ఒక్క చుక్కా వృథా కాలేదు. నరం చచ్చింది కదలికకే, మంటకి కాదు. కంట్లో ఎండుమిరపకాయ తుంచినట్టయింది. మిగతా ఆరుగురినీ వాళ్ల రెప్పలు కాపాడాయి. వాళ్లకది తెలియదు, మందు పడనందుకు బాధపడుతూ ఇళ్లకి పోయి ఉంటారు. మొత్తం వైద్యం నా ఒక్కడికే దక్కింది. పది నిమిషాలు అరుగు మీద దొర్లాను. మంట పుడితే మందు పనిచేస్తున్నట్టేనని ఆయన భుజం తట్టాడు.

సాయంత్రానికి కన్ను నిప్పుకణిక. దుమ్ము పడిందన్నాను. మంగళవారం పొద్దున్నకి వెలుతురు చూడలేకపోయాను. నా భార్య నా చేయి పట్టుకుని ఆసుపత్రికి నడిపించుకెళ్లింది. దారంతా ఏదో గొణుక్కుంటోంది, దేవుళ్ల పేర్లనుకున్నాను.

డాక్టరమ్మ లైటు వేసి చూశారు. నల్లగుడ్డు నడిమధ్యన పుండు పడిందన్నారు.

"పసరేమైనా వేయించుకున్నావా?" అని సూటిగా నన్నే అడిగారు.

"లేదండి," అన్నాను.

"మరి మూయకుండా పడుకున్నావా?"

నేను నోరు తెరిచేలోపే నా భార్య అందుకుంది.

"ఆదోరం మద్దినేల నాకు కునుకట్టీసింది డాట్రమ్మా. లెగిసీసరికి పేస్టరు ఊడిపోయి కన్ను తెరుసుకునుంది. ఎంతసేపయ్యిందో తెల్దు. నాదే తప్పు. నలబై రోజులు సూసుకున్నాను, ఆ ఒక్క పూట..."

డాక్టరమ్మ తిట్టలేదు. "అరగంట చాలమ్మా, ఎండిపోవడానికి" అని మెల్లగా అన్నారు.

అప్పుడు నేను చెప్పి ఉండాల్సింది. ఒక్క వాక్యం. సిగ్గేసింది, భయమేసింది, అవన్నీ ఎవరికైనా ఉంటాయి. కానీ వాటన్నిటికంటే ముందు నాకు హాయిగా అనిపించింది. నా తప్పు మోసేవాళ్లు దొరికారని హాయి. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్లు మండుతోంది.

పుండు మానింది. మానినచోట తెల్లటి మచ్చ మిగిలింది. కంట్లో పువ్వు పూసిందంటారు మావాళ్లు, ఎంత అందమైన మాటో చూడండి. ఆ పువ్వులోంచి చూస్తే మనుషులు మంచులో నిలబడ్డట్టు ఉంటారు.

ఆసుపత్రికి వెళ్లిన పది రోజులకి నా భార్య వాకిట్లో బియ్యం చెరుగుతుంటే ఊక ఎగిరి నా మొహం మీద పడింది. నా రెండు రెప్పలూ మూసుకున్నాయి. ఆవిడ చేట పక్కన పడేసి లేచింది.

"మావా! ఏసీసినావు! రెండూ ఏసీసినావు!"

వీధిలో ప్రతి గుమ్మం దగ్గరకీ వెళ్లి చెప్పి వచ్చింది. నాతో వాళ్లందరి ముందు పదేసిసార్లు కన్నార్పించింది. నా రెప్ప భేషుగ్గా పనిచేసింది. తరవాతి వారం కంపెనీవారి పరీక్షలో ఎడమకంటికి పెద్ద అక్షరం కూడా ఆనలేదు. తాళ్లు, కొక్కేలు భద్రపరిచే గదిలో వేశారు నన్ను. క్రేన్ గది అద్దాల్లో వేరే మనిషి మొహం కనిపించేది. సిగ్నల్ బావ ఆ కొత్తవాణ్ణి కూడా కొంగ అన్నాడని విన్నాను.

ఆ తరవాత ఆరేళ్లు నా భార్య ఈ కథ అందరికీ చెప్పింది. ఎవరు కొత్తగా పరిచయమైనా, నా కంటిలో మచ్చ చూసి అడగకపోయినా, తనే చెప్పేది. నాను కునుకు తీసేను, మా ఆయన కన్ను పోనాది. ఒప్పుకోవడం కాదు అది, శిక్ష వేసుకోవడం. ముందుగదిలో పేపరు అడ్డం పెట్టుకుని నేను వింటూ కూర్చునేవాణ్ణి. పేపరు చదవడానికి నాకు ఒక కన్నుంది, చాలు.

ఎనభైల నడుమ స్టీల్ ఫ్యాక్టరీ కట్టే పనుల కోసం ఊరికి జనం వచ్చి పడుతున్న రోజుల్లో, మా పక్కవాటాలో కొత్తగా ఒక కుటుంబం దిగింది. ఒక మధ్యాహ్నం ఆ ఇల్లాలు మా ఇంటికి వచ్చి కూర్చుంది. నా భార్య చింతపండు పిక్కలు తీస్తూ మామూలుగానే మొదలుపెట్టింది. ఆదోరం మద్దినేల నాకు కునుకట్టీసింది అన్న దగ్గర నేను పేపరు కింద పెట్టాను. ఎందుకు ఆరోజే అంటే నాకు తెలియదు. లేచి లోపలికి వెళ్లి, కొత్తగా వచ్చినావిడ ముందే చెప్పేశాను. సోమవారం, సబ్బవరం బస్సు, పెద్దాయన అరుగు, ఆరు చుక్కలు, డాక్టరమ్మతో ఆడిన అబద్ధం, అంతా.

పక్కవాటా ఆవిడ పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్లిపోయింది. నా భార్య చేతిలో చింతపండు చేతిలోనే ఉంది. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కోరుకున్నాను.

"అయితే ఆ ఆదోరం నాను పడుకోడం వల్ల ఏటీ అవ్వనేదా?"

"ఏటీ అవ్వనేదు. సోమారం పొద్దున్న కన్ను బాగానే ఉంది."

ఆవిడ నా ఎడమకన్ను వైపు చూసింది.

"ఆరేల్లయ్యింది మావా, నాను మద్దినేల నడుం వాల్సి."

నేను ఆరేళ్లూ అది చూస్తూనే ఉన్నాను. తిన్నాక వీధంతా చాపలు పరుచుకునే వేళకి ఆవిడ చేట ముందు పెట్టుకునో, చింతపండు ముందు పెట్టుకునో కూర్చునేది. పనిమంతురాలని నలుగురిలో మెచ్చుకున్నాను కూడా.

ఆవిడ చేతులు కడుక్కుంది. మూల నిలబెట్టి ఉన్న చాప తీసి, దులిపి పరిచి, గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. సాయంత్రం కుళాయి వచ్చింది. బిందె తీసుకుని నేనే వెళ్లి ఆడవాళ్ల వరసలో నిలబడి నీళ్లు పట్టుకొచ్చాను. దీపం పెట్టే వేళైనా ఆవిడ లేవలేదు. నేను లేపలేదు.